నా మనవరాలికి ముందు కుర్దిష్ రావాలి

పొద్దు గుంకడానికి ఇంకా పది నిమిషాలుంది. గదిలో నేల మీద పొడవాటి గుడ్డ పరిచి అన్నీ సర్దేశారు. రొట్టెలు, ఎర్రపప్పు చారు, గోధుమ రవ్వ అన్నం, కోడికూర, పెరుగు, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయలు. పద్దెనిమిది మందిమి చుట్టూ కూర్చున్నాం. గిన్నెల్లోంచి ఆవిర్లు లేస్తున్నాయి, ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. మా మనవరాలికి ఐదేళ్ళు. దానికి ఒక్కపొద్దు లేదు గనక ఒక రొట్టె ముక్క చేతికిచ్చారు. అది నములుతుంటే మా అల్లుడి అవ్వ, ఎనభై దాటిన మనిషి, దాని వైపు వంగి ఏదో అడిగింది. పిల్లకు అర్థం కాలేదు. అవ్వ మళ్ళీ అడిగింది, ఈసారి నిదానంగా, ఒక్కో మాటా విడదీసి. పిల్ల వాళ్ళ నాన్న వైపు తిరిగి జర్మన్‌లో "ఏమంటోంది?" అంది.

మా అల్లుడు చెప్పాడు. పిల్ల జర్మన్‌లో జవాబిచ్చింది. ఆ జవాబును అతను కుర్దిష్‌లోకి, అంటే వాళ్ళ ఇంటి భాషలోకి, మార్చి అవ్వకు చెప్పాడు. ఇంతకూ ఆమె అడిగింది, "రొట్టె బాగుందా తల్లీ, ఇంకోటి ఇవ్వనా?" అని. అంత చిన్న మాటకు మధ్యలో దుబాసీ కావాల్సి వచ్చింది. ముత్తవ్వకూ మునిమనవరాలికీ నడుమ, ఒకే గుడ్డ దగ్గర, మోకాలికి మోకాలు తగులుతూ కూర్చున్న ఇద్దరి నడుమ.

ఆ తర్వాత అజాన్ వినిపించింది, అందరం ఖర్జూరం నోట్లో వేసుకున్నాం. నేను కూడా పొద్దుటి నుంచి పచ్చి నీళ్ళు ముట్టలేదు. అయినా ఆ ఖర్జూరం గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

ఊరికి తిరిగి వచ్చాక మా చుట్టాలకు, తోటి టీచర్లకు ఒక మాట చెప్పాను. నా మనవరాలికి తెలుగు కన్నా ముందు కుర్దిష్ రావాలి అని. చాలామందికి కోపం వచ్చింది. కొందరు బాధపడ్డారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే ఎవరికీ అర్థం కావడం లేదు. అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లా. దూదేకుల వాళ్ళం. మా నాయన విల్లు కట్టి దూది ఏకి, పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబీలో, తిట్టుకున్నా తెలుగే. నేను ప్రభుత్వ బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి చదువుకని జర్మనీ పోయి, అక్కడే ఉద్యోగంలో చేరి, తనతో పనిచేసే కుర్దు అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. అతని సొంతూరు టర్కీలో దియార్‌బకర్ దగ్గర. ఆ నగరాన్ని కుర్దులు ఆమెద్ అంటారు. వియ్యాలవారిని ఆరేళ్ళ పాటు ఫోన్ తెర మీదే చూశాను. 2025 మార్చిలో, రంజాన్ నెలలో, మొదటిసారి వాళ్ళ గడప తొక్కాను.

మా అమ్మాయి అత్తగారికీ నాకూ ఉన్న చుట్టరికానికి ఇంగ్లీషు వాడుకలో ఒక మాట లేదు. జర్మన్ వాడుకలోనూ లేదని మా అమ్మాయి అంది. మనకు వియ్యపురాలు ఉంది. కుర్దిష్‌లో ఖినామీ ఉంది. రెండిళ్ళు పిల్లల ద్వారా ఒకటైతే ఆ బంధానికి ఒక పేరు ఉండాలని మనకూ తోచింది, వాళ్ళకూ తోచింది. ఆమెను నేను మొదటి రోజు నుంచీ వదినా అనే పిలిచాను. ఆమెకు తెలుగు రాదు, నాకు కుర్దిష్ రాదు, కానీ వదినా అంటే వెంటనే తిరిగి చూసేది.

దియార్‌బకర్ విమానాశ్రయం నుంచి ఊరికి గంటన్నర. నగరం చుట్టూ నల్లరాతి కోట గోడ ఆరు కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2015లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడ దాటి నైరుతికి పోతే కరాజాదాగ్ అనే పాత అగ్నిపర్వతం వస్తుంది. భూమంతా నల్లరాళ్ళే. ఆ రాళ్ళు ఏరి ఏరి కుప్పలు పోసి, కుప్పల మధ్య దొరికిన మట్టిలో గోధుమ చల్లుకుంటారు. మేం పోయినప్పుడు పైరు మోకాలి లోపే ఉంది, పచ్చగా. 1997లో ఒక పాతరకం గోధుమ జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు దానికి దగ్గరి అడవి గోధుమ ఈ కొండ చుట్టుపక్కలే ఉందనీ, మనిషి దాన్ని మొదట సాగు చేసింది ఇక్కడే అయివుండాలనీ చెప్పారు. ఆ కొండ వాలులో వరి కూడా పండుతుంది. కరాజాదాగ్ బియ్యం అంటే ఆ దేశమంతా పేరు. బియ్యం మాట రాగానే నా ముఖం వెలిగిందని మా అల్లుడు నవ్వాడు.

ఊరికి రెండు పేర్లు. రోడ్డు పక్కన బోర్డు మీద ఉన్నది టర్కిష్ పేరు, ప్రభుత్వం పెట్టింది. నోట్లో ఉన్నది పాత కుర్దిష్ పేరు. గడిచిన శతాబ్దంలో అలా వేల ఊళ్ళ పేర్లు మార్చారు. కారు ఆ బోర్డు దాటుతుంటే మా అల్లుడు దాని వైపు చూడలేదు. "ఆ పేరు పెట్టి అడిగితే మా అవ్వకు ఈ ఊరు ఎక్కడుందో తెలియదు అత్తమ్మా" అన్నాడు.

భాష తెలియని ఇంట్లో నాలుగు రోజులు ఎలా గడుస్తాయా అని నాకు టెన్షన్‌గా ఉండేది. రెండో రోజు పొద్దున వదిన పెరట్లో గొర్రె ఉన్ని ఆరబోసి కర్రతో కొడుతోంది. వాళ్ళ పరుపుల్లో ఉండేది ఉన్నే. ఉండలు కట్టినప్పుడు విప్పి, ఉతికి, ఆరబెట్టి, కొట్టి మళ్ళీ నింపుతారు. ఆ ఉన్ని, మా నాయన చేతిలో నేను చూసిన దూదిలాగే లేస్తోంది. ఇంకో కర్ర తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తిప్పాలో ఆమె చెప్పనక్కర్లేకపోయింది. ఆమె నా చేతులు పట్టుకుని చూసి, మా అమ్మాయిని పిలిచి ఏదో అడిగింది. "మీ అమ్మ ఈ పని ఎక్కడ నేర్చుకుంది?" అని. దియార్‌బకర్ పొలాల్లో పత్తి కూడా పండుతుంది. దూది ఏకేవాళ్ళ కులం నుంచి వచ్చానంటే ఆ ఇంట్లో అందరికీ వెంటనే అర్థమైంది. నేను అంతకాలం బతికిన చోట్ల అది చెప్పడానికి చాలాసార్లు గొంతు తగ్గించాల్సి వచ్చింది.

ఇక మాటలు. నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని రాసుకున్నాను. రొట్టె నాన్. నీళ్ళు ఆవ్. మజ్జిగ దెవ్. పెరుగు మాస్త్. ఎర్రపప్పు నీస్క్. గోధుమ రవ్వ సవార్: కోతలయ్యాక గోధుమలను పెద్ద పెద్ద కాగుల్లో ఉడకబెట్టి, మిద్దె మీద ఎండబెట్టి, దంచి, ఏడాదికి నిలవ చేసుకుంటారు. మన ఉప్పుడు బియ్యం పద్ధతే. అవ్వను దాపీర్ అంటారు. దా అంటే అమ్మ, పీర్ అంటే పెద్దామె. మనం పీర్ల పండగ అనేదాంట్లో ఉన్న పీరూ అదే మాట. అన్నిటికన్నా నన్ను ఆపేసిన మాట ఇంకొకటి. పగలుకు, దినానికి వాళ్ళ మాట రోజ్. మన తెలుగులో రోజు. మనకు అది ఫారసీ నుంచి వచ్చింది, ఫారసీకీ కుర్దిష్‌కూ పుట్టిల్లు ఒకటే. ఉపవాసం రోజీ. మనవైపు ఉర్దూ మాట్లాడేవాళ్ళు రోజా అంటారు. అంటే నేను పుట్టినప్పటి నుంచీ రోజూ రోజూ అంటున్నది వీళ్ళకు తెలిసిన మాటే. "ఎజ్ బి రోజీ మె" అని ఒక వాక్యం నేర్చుకున్నాను, నేను ఒక్కపొద్దు ఉన్నాను అని. అది విని దాపీర్ నా నుదురు ముద్దు పెట్టుకుంది.

వంట గురించి ఇంకా రాయాలి, ఎందుకంటే ఆ ఇంట్లో నన్ను చుట్టాన్ని చేసింది వంటిల్లే. తందూరు ఇంటి పక్కన మట్టితో కట్టిన బావి లాంటిది. మధ్యాహ్నం నమాజయ్యాక వదిన, ఆమె చిన్నకోడలు పిండి ఉండలు చేసి, చేతుల మీద పల్చగా సాగదీసి, గుండ్రటి దిండు లాంటి దాని మీద పరిచి, వంగి తందూరు గోడకు చరుస్తారు. వేళ్ళు కాలతాయేమో అని నాకు భయం. వాళ్ళు మాట్లాడుకుంటూనే చేస్తారు. వేడి రొట్టె వాసన ఒక్కపొద్దు ఉన్న కడుపుకు ఎలా ఉంటుందో ఆ స్థితిలో ఉన్నవాళ్ళకే తెలుసు. ఎవరూ చిటికెడు కూడా తుంచరు. వానలకు మొలిచిన తోలిక్ అనే ఆకుకూర పిల్లలు పొలం గట్ల మీద ఏరుకొచ్చారు. దాన్ని సవార్‌తో కలిపి వండారు. నగరం నుంచి మా అమ్మాయి మరిది ఒక సీసాలో నల్లటి షర్బత్ తెచ్చాడు. అతిమధురం వేరు నానబెట్టి తీసేది. రంజాన్ నెలలో దియార్‌బకర్ వీధుల్లో దాన్ని అమ్ముతారట. మొదటి గుటక చేదనిపించింది, తర్వాత తీపి నిలిచింది. మా ఇంట్లో దగ్గుకు నమిలించే వేరు ఇంతమంది ఇష్టంగా తాగడం నాకు వింత.

తిన్నాక వండినావిడతో "నీ చేతులు చల్లగా ఉండాలి" అనే అర్థం వచ్చే మాట అందరూ అంటారు. నేనూ తెలుగులోనే అన్నాను. ఆమెకు అర్థమైంది.

ఇంత దగ్గరగా ఉన్న ఇంట్లో ఆ పసిదానికి మాత్రం దుబాసీ కావాల్సి వచ్చింది. అక్కడి నుంచే నా వాదన మొదలవుతుంది.

ఆ రాత్రి టీ తాగుతూ మా అల్లుణ్ణి అడిగాను. నీకు ఇంత చక్కటి కుర్దిష్ వచ్చు కదా, పిల్లతో జర్మన్ ఎందుకు మాట్లాడతావు అని. అతను వెంటనే చెప్పలేదు. ముందు వాళ్ళ నాన్న, అంటే మా వియ్యంకుడు, తన సంగతి చెప్పాడు. ఏడేళ్ళప్పుడు బడికి పోయాడు. టర్కిష్ ఒక్క ముక్క రాదు. దాహమేసి నీళ్ళు కావాలని కుర్దిష్‌లో అడిగితే టీచరు చేతుల మీద కొట్టాడు. ఆవ్ అన్నందుకు. ఆ తర్వాత ఆరు నెలలు బడిలో నోరు తెరవలేదట. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పనిచేసినదాన్ని. నీళ్ళడిగిన పిల్లవాడిని కొట్టడం అనేది ఊహించుకోవడానికి నాకు చాలా కష్టమైంది.

మా అల్లుడి తరానికి దెబ్బలు తగ్గాయి, భయం మిగిలింది. బజార్లో కుర్దిష్ మాట్లాడితే వాళ్ళమ్మ చెయ్యి నొక్కేదట. జర్మనీ వచ్చాక కూడా పిల్లతో ఆ భాషలో మాట్లాడబోతే ఏదో అడ్డుపడుతుందట. తర్వాత ఇంకో మాట అన్నాడు, చాలా మర్యాదగా, నా వైపు చూడకుండా. "ఇంట్లో తెలుగు ఉంది, బయట జర్మన్ ఉంది అత్తమ్మా. మూడోది కూడా పెడితే పిల్లకు కష్టమని అనుకున్నాం. తెలుగు మీకు ముఖ్యం కదా."

అది నిజం. పిల్ల పుట్టినప్పటి నుంచీ తెలుగు, తెలుగు అని పట్టుబట్టింది నేనే. ప్రతి ఆదివారం వాళ్ళ పొద్దున పదింటికి వీడియో కాల్. గంటసేపు నా దగ్గర అక్షరాలు, పాటలు, లెక్కలు. పెద్దబాలశిక్ష పార్సిల్ చేశాను. నా మనవరాలు నన్ను "అవ్వా" అని పిలిస్తే నా ప్రాణం లేచొచ్చేది. దాపీర్‌కు కూడా అలాంటి ప్రాణమే ఉంటుందని ఆ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. కుర్దిష్‌కు దక్కాల్సిన చోటు ఖాళీగా లేకపోవడంలో నా వాటా ఉంది.

తెలుగును, కుర్దిష్‌ను ఒకే తరాజులో పెట్టి తూచడం తప్పు. రెంటికీ వెనక ఉన్న బలం ఒకటి కాదు. కుర్దులు టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియాల్లో కలిపి మూడు కోట్ల దరిదాపుల్లో ఉంటారని అంచనా. ఎక్కువమంది టర్కీలోనే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో సెవ్ర్ ఒప్పందం వాళ్ళకు స్వపరిపాలన దారి చూపింది. మూడేళ్ళకు 1923లో వచ్చిన లోజాన్ ఒప్పందంలో కుర్దుల పేరే లేదు. 1983లో టర్కీ సైనిక ప్రభుత్వం 2932 నంబరు చట్టం తెచ్చి ఆ భాషలో అచ్చువేయడం, ప్రసారం చేయడం నేరం చేసింది. చట్టంలో కుర్దిష్ అనే మాట కూడా రాయలేదు, టర్కీ పౌరుల మాతృభాష టర్కిష్ అని మాత్రం రాశారు. 1991లో దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది లేలా జానా అనే ఎంపీ పార్లమెంటులో ప్రమాణం చేసి, చివర కుర్దిష్‌లో ఒక్క వాక్యం చెప్పింది, టర్కుల, కుర్దుల సోదరభావం కోసం అని. సభలో గగ్గోలు. 1994 నుంచి 2004 దాకా ఆమె జైల్లో ఉంది.

తర్వాత కొంత మారింది, అది కూడా చెప్పాలి. 2009లో ప్రభుత్వ టీవీ కుర్దిష్ చానల్ పెట్టింది. 2012 నుంచి బడిలో ఐచ్ఛిక పాఠంగా తీసుకోవచ్చు, వారానికి రెండు పీరియడ్లు, కనీసం పది మంది పిల్లలు అడిగితే. కుర్దిష్ రాతలో ఉండే మూడు అక్షరాలు క్యూ, డబ్ల్యూ, ఎక్స్ టర్కిష్ అక్షరమాలలో లేవు గనక వాటి మీద ఉన్న నిషేధం తీసేస్తామని 2013లో ప్రకటించారు. మా మనవరాలి పేరులో ఒక డబ్ల్యూ ఉంది. అది జర్మనీలో పుట్టింది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇరాక్‌లో పరిస్థితి వేరు, అక్కడ 2005 రాజ్యాంగం కుర్దిష్‌ను అరబీతో పాటు అధికార భాష చేసింది, బళ్ళున్నాయి. కానీ దాపీర్ మనుషులు ఉన్నది టర్కీలో. అక్కడి రాజ్యాంగం 42వ అధికరణం టర్కిష్ తప్ప ఇంకే భాషనూ మాతృభాషగా విద్యాసంస్థల్లో నేర్పకూడదంటుంది. ఒకటో తరగతి నుంచి కుర్దిష్‌లో చదువు చెప్పే ప్రభుత్వ బడి ఆ దేశంలో ఒక్కటీ లేదు.

తెలుగుకు ఏముంది? 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల పైన మనుషులున్నారు. రెండు రాష్ట్రాలున్నాయి. బళ్ళు, యూనివర్సిటీలు, పత్రికలు, సినిమాలు, 2008లో వచ్చిన ప్రాచీన హోదా. నా మనవరాలు పాతికేళ్ళకు మనసు పుట్టి తెలుగు నేర్చుకుంటానంటే వెయ్యి దారులు తెరిచి ఉంటాయి. దాపీర్ నోట్లో ఉన్న కుర్దిష్, ఆ కొండ కింది ఊరి మాట, ఆ ఆకుకూరల పేర్లు, ఆ ఉన్ని కొట్టే పాటలు, పాతికేళ్ళ తర్వాత ఎక్కడ వెతుక్కోవాలి?

మూడో రోజు ఇఫ్తార్ దగ్గర నేను వాళ్ళకు పొట్టి శ్రీరాములు గారి కథ చెప్పాను. మా అల్లుడు వాక్యం వాక్యం మార్చి చెబుతున్నాడు. భాష కోసం ఒక మనిషి మద్రాసులో 1952 అక్టోబరు 19న అన్నం మానేశాడని, 58 రోజులు అలాగే ఉండి డిసెంబరు 15న చనిపోయాడని. నాలుగు రోజులకు ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించాడని. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, దానికి రాజధాని మా కర్నూలు, ఆఫీసులు గుడారాల్లో పెట్టారని. "మీ ఊరా?" అని వియ్యంకుడు రెండుసార్లు అడిగాడు. రాష్ట్రం వచ్చాక దేశం విడిపోయిందా అని అడిగాడు. లేదన్నాను. మేము ఇంకా ఇండియాలోనే ఉన్నాం, మా తర్వాత చాలామందికి భాషను బట్టే రాష్ట్రాలు వచ్చాయి అన్నాను. ఆయన చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

అక్కడ కూడా అన్నం మానేసిన వాళ్ళున్నారు. 2012 సెప్టెంబరులో టర్కీ జైళ్ళలో వందలమంది కుర్దు ఖైదీలు నిరాహార దీక్షకు దిగారు. కోర్టులో తమ భాషలో మాట్లాడనివ్వాలని, తమ భాషలో చదువు కావాలని వాళ్ళ కోర్కెల్లో ఉన్నాయి. 68 రోజులకు విరమించారు. 2013 జనవరిలో కోర్టులో మాతృభాషలో వాదన చెప్పుకునే చట్టం వచ్చింది. బడి మాత్రం రాలేదు. మేం పోయిన నెలకు ముందే, ఫిబ్రవరి 27న, కుర్దుల సాయుధ సంస్థ పీకేకే నాయకుడు, జైల్లో ఉన్న అబ్దుల్లా ఒజలాన్ ఆయుధాలు వదిలేయమని తన వాళ్ళకు పిలుపిచ్చాడు. 1984 నుంచి సాగిన ఆ పోరులో నలభై వేలమందికి పైగా చనిపోయారు, మూడు వేలకు పైగా పల్లెలు, గూడేలు ఖాళీ అయ్యాయి. ఈ ఊరు కూడా కొన్నేళ్ళు ఖాళీగా ఉండిందని నాకు అప్పుడే తెలిసింది. టీవీలో ఆ చర్చే నడుస్తోంది. వియ్యంకుడు దాని వైపు చూపించి, "నాకు రాష్ట్రం, దేశం ఏమీ వద్దు. నీళ్ళడిగితే కొట్టని బడి చాలు" అన్నాడు.

ఇప్పుడు నా మీద కోప్పడిన వాళ్ళకు జవాబు చెప్పాలి.

మా బంధువుల్లో కొందరు అన్నారు, ముస్లిం పిల్లకు తెలుగెందుకు, కుర్దిష్ ఎందుకు, అరబీ నేర్పించండి, అందరం ముస్లింలమే కదా, భాష ఏదైతేనేం అని. ఈ మాట నాకు కొత్త కాదు. మా దూదేకుల వాళ్ళకు ఉర్దూ రాదని పెళ్ళిళ్ళలో, పండగల్లో ఎన్నిసార్లు చులకన చేశారో నాకు తెలుసు. చిన్నప్పుడు ఒక ఇంట్లో రోజా అనకుండా ఒక్కపొద్దు అన్నానని, "ఇదేం సాయిబుల పిల్ల" అని నవ్వారు. ఒక్కపొద్దు అన్నా దేవుడికి అర్థమవుతుందని మా నాయన నన్ను ఊరడించాడు. ఆ రాత్రి వియ్యంకుడికి ఇది చెబితే ఆయన మోకాలి మీద చేత్తో కొట్టుకున్నాడు. వాళ్ళకూ అదే చెప్పారట, మనమంతా ఒకే మతం, మళ్ళీ వేరే భాష దేనికి అని. భాష ఏదైతేనేం అనేవాళ్ళు ఎప్పుడూ తమ భాష వదులుకోరు. ఎదుటివాణ్ణే వదలమంటారు.

నిజానికి కుర్దిష్‌ను నిలిపింది వాళ్ళ పల్లెటూరి మదరసాలే. అహ్మదీ ఖానీ అనే కవి 1683లోనే కుర్దు పిల్లల కోసం అరబీ మాటలకు కుర్దిష్ అర్థాలు చెప్పే పద్యాల నిఘంటువు రాశాడు. తరతరాలుగా పిల్లలు దాన్నే వల్లె వేశారు. 1924లో ప్రభుత్వం మదరసాలు మూసేసింది. చాలా పల్లెల్లో చాటుగా నడిపారు. మా వియ్యంకుడి తండ్రి అలా చదువుకున్నవాడే. 2011లో దియార్‌బకర్‌లో జనం ప్రభుత్వ మసీదులు వదిలి బయట మైదానాల్లో శుక్రవారం నమాజు చేశారు, ఖుత్బా, అంటే నమాజు ముందు చేసే ప్రసంగం, కుర్దిష్‌లో వినడం కోసం. దీన్ని చూశాక కూడా మతం కోసం భాష వదులుకోమని నాతో అనకండి.

రెండో మాట, ఆ భాషతో ఉపయోగమేంటి, ఉద్యోగం వస్తుందా అని. ఇదే మాట తెలుగు గురించి మన పిల్లలతో అంటున్నాం, అందుకే ఈ దశకొచ్చాం. ఉద్యోగం జర్మన్ ఇస్తుంది, ఇంగ్లీషు ఇస్తుంది. దాపీర్ అడిగిన దానికి జవాబు అవి ఇవ్వవు.

మూడో మాటే నన్ను బాధపెట్టింది, ఎందుకంటే అన్నవాళ్ళు తెలుగును ప్రేమించేవాళ్ళు. "మన భాషే పోతుంటే నువ్వు పరాయి భాషకు చోటిస్తావా?" అన్నారు. పరాయి కాదు. నా మనవరాలి తండ్రి భాష. అయినా పిల్లలు మూడు భాషలు నేర్చుకుంటారు కదా, అన్నీ నేర్పొచ్చుగా అన్నారు. నేర్చుకుంటారు, ఒక్కోదానికి రోజూ ఒక మనిషి మాట్లాడితే. లెక్కల టీచర్ని గనక లెక్కే చెబుతాను. అది మెలకువగా ఉండేది పదమూడు గంటలు. కిండర్‌గార్టెన్, దారి కలిపి తొమ్మిది పోతాయి. మిగిలిన నాలుగింటిలో తిండి, స్నానం, ఆట పోగా కూర్చుని మాట్లాడేది గంటన్నర. తెలుగుకు తల్లి ఉంది, వారానికో గంట నేనున్నాను. కుర్దిష్‌కు తండ్రి నోరు మూసుకుని ఉన్నాడు. అన్నీ నేర్పండి అనే సలహా ఇచ్చేవాళ్ళు ఆ గంటన్నరను ఒకసారి పంచి చూడాలి. సెలవులు ఆరు వారాలే, రెండు దేశాలకు చాలవు. ఎక్కడైనా ఒకరు వెనక్కి జరగాలి. ఎనభై దాటిన మనిషిని జరగమనలేను. నేను అరవై ఒకటి.

అందుకని బయల్దేరే ముందు రాత్రి, చివరి ఇఫ్తార్ దగ్గర, నేనే మాట ఎత్తాను. వాళ్ళ ఇంట్లో ఆ రోజు ముఖ్యమైనది, కుర్దుల కొత్త సంవత్సరం పండగ నవ్రోజ్ రంజాన్ నెలలోనే వచ్చింది, ఊరి బయట పిల్లలు మంట వేశారు. తండ్రి ఇక మీదట పిల్లతో కుర్దిష్ తప్ప మాట్లాడకూడదని అన్నాను. తెలుగు మాట్లాడటం తల్లి వంతు. ఈ వేసవి సెలవులకు కర్నూలు రావాల్సిన వాళ్ళు ఇక్కడికే రావాలి, సవార్ ఉడకబెట్టే రోజుల్లో పిల్ల ఆ కాగుల దగ్గర ఉండాలి. ఆదివారం పదింటి గంట దాపీర్‌ది. నాకు బుధవారం సాయంత్రం అరగంట చాలు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, ఏమీ అనలేదు. మా అల్లుడు ఇదంతా వాళ్ళ అవ్వకు చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆమె విని, "సెర్ చావాన్" అంది. కళ్ళ మీద పెట్టుకుంటాను అని దానర్థం.

ఆదివారం మా ఇంట్లో ఆ వేళకు ఇప్పుడు ఫోన్ మోగదు. మొదటి రెండు వారాలు మిద్దె మీద ఊరికే తిరిగాను. దాపీర్‌కు ఫోన్ వాడటం రాదు, చిన్నకోడలు పట్టుకుని చూపించాలి. మొన్న మా అమ్మాయి ఒక చిన్న వీడియో పంపింది. దాపీర్ ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకున్నట్టుంది, తెర మీద ఆమె చెవి, తెల్లటి తలగుడ్డ అంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఇవతల పిల్ల ఆ చెవిలోకి గట్టిగా ఒక్కొక్కటే చెబుతోంది. నాన్. ఆవ్. దెవ్. ప్రతి మాటకూ ఆ చెవి కొంచెం కదులుతోంది.